ఎలాయ్: పాత టేపుల్లోంచి మళ్లీ వినిపించిన బృందం

ఎలాయ్ జర్మనీలోని హానోవర్ నగరంలో 1969లో గిటారిస్టు ఫ్రాంక్ బోర్నెమన్ చొరవతో పుట్టిన రాక్ బృందం. దీన్ని స్పేస్ రాక్ కోవలో చేర్చడం రివాజు. మెల్లమెల్లగా పరుచుకునే కీబోర్డు స్వరాలు, ఒకే లయను పట్టుకుని వదలకుండా నడిచే బేస్ గిటారు, పది పదిహేను నిమిషాల పాటలు, కాలప్రయాణాలూ గ్రహాలూ మునిగిపోయిన ఖండాలూ వస్తువులుగా ఉన్న కథలు: ఆ కోవకు చెప్పే లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. 1971 నుంచి 2023 దాకా ఆల్బమ్‌లు తెచ్చిన ఈ బృందంలో ఆసాంతం ఉన్నది బోర్నెమన్ ఒక్కరే. మిగతా సభ్యులు మారారు, శైలి మారింది, రికార్డు కంపెనీలు మారాయి. అందుకే ఎలాయ్ చరిత్ర రాసేవారు దాన్ని మామూలుగా సభ్యుల రాకపోకల పద్దుగా రాస్తారు. ఆ పద్దు అవసరమే గాని, ఇన్నిసార్లు మారినదాన్ని ఒకే బృందమని ఎందుకు అంటున్నామో అది చెప్పదు. దానికి జవాబు టేపుల్లో వెతకాలి. ఎలాయ్ తన పాత రికార్డింగుల దగ్గరికి మూడు దారుల్లో తిరిగి వెళ్లింది: పాత పాటలను కొత్తగా కట్టడం, పాత టేపును మళ్లీ మిక్స్ చేయడం, ఉన్న మిక్స్‌ను రీమాస్టర్ చేయడం. వీటిలో అన్నిటికంటే తక్కువ చేయి చేసుకున్న మూడో దారే బృందానికి ఎక్కువ మేలు చేసింది.

బృందం పేరు హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషీన్' నవలలోంచి వచ్చింది. అందులో కథానాయకుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్లి ఎలాయ్ అనే మానవజాతిని చూస్తాడు. అందంగా, సుకుమారంగా, పసిపిల్లల్లా ఉండి దేనిమీదా ఐదు నిమిషాలు మనసు నిలపలేని జాతి అది. పదిహేను నిమిషాల పాటలు కట్టబోయే బృందానికి ఈ పేరు కాస్త చిత్రమైన ఎంపికే. అదే నవలలో శిథిలమైన మ్యూజియం ఒకటి ఉంది. అక్కడి పుస్తకాలన్నీ చివికి పీలికలైపోయి ఉంటాయి. దాచినంత మాత్రాన ఏదీ నిలవదు, దాచినదాన్ని ఎవరో ఒకరు మళ్లీ చదవగలగాలి అన్న ఆ ఘట్టం, యాభై ఏళ్లనాటి అయస్కాంత టేపుల గురించి మాట్లాడేటప్పుడు గుర్తుకు రాక మానదు.

హానోవర్ కూడా ఈ కథలో కేవలం జన్మస్థలం కాదు. గ్రామఫోన్ పళ్లేన్ని కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1851లో పుట్టింది ఈ ఊళ్లోనే. డాయిచె గ్రామోఫోన్ కంపెనీ 1898లో మొదలైందీ ఇక్కడే. 1902లో గ్రామఫోన్ కంపెనీ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో రికార్డు చేసిన గాయని గౌహర్ జాన్ పాటల పళ్లేలు హానోవర్‌లో అచ్చయి ఓడల్లో మన దేశానికి వచ్చాయి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ మొదలయ్యేదాకా గ్రామఫోన్ కంపెనీ భారతీయ రికార్డులకు అదే దారి. గైస్‌బర్గ్ రికార్డింగులకు ఎనభై ఏళ్ల తరువాత, 1982 ఆగస్టు 17న, హానోవర్‌ను ఆనుకుని ఉన్న లాంగెన్‌హాగెన్‌లోని పాలీగ్రామ్ కర్మాగారంలో సీడీల తయారీ మొదలైంది. పళ్లేనికీ సీడీకీ మధ్య వచ్చిన అయస్కాంత టేపు రికార్డరు కూడా జర్మన్ పరిశ్రమ బిడ్డే. ఏఈజీ, బీఏఎస్ఎఫ్ సంస్థలు దాన్ని 1935లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టాయి. పళ్లెం, టేపు, సీడీ అనే మూడింటి చరిత్రా ముడిపడిన నేల మీద పుట్టిన బృందానికి ఆ మూడింటి హద్దులే తన సంగీతానికీ హద్దులు కావడం ఆశ్చర్యమేమీ కాదు.

ఎలాయ్ తొలి ఆల్బమ్ 1971లో ఫిలిప్స్ కింద వచ్చింది. స్పేస్ రాక్ కోసం అందులో వెతికితే దొరకదు. ఎరిష్ శ్రీవర్ పాడిన ఆ పాటలు బరువైన గిటారు రాక్, రాజకీయ నిరసన. ఒక పాట పేరులోనే విప్లవం ఉంది, మరొకదానిలో మతి చలించిన సైనికుడు. చెత్తకుండీ ఆకారంలో చేసిన దాని అట్ట ఇప్పుడు సేకరణదారులకు ముద్దు. శ్రీవర్ వెళ్లిపోయాక పాడే బాధ్యత బోర్నెమన్ మీద పడింది. ఆయన గాత్రం బలమైనదేమీ కాదు, ఇంగ్లిష్ ఉచ్చారణలో జర్మన్ యాస దాగదు. ఈ లోటే శైలిని మార్చిందని నా అంచనా. అరిచి పాడలేని గాయకుడు కథ చెప్పే గొంతుకు మళ్లాడు, గొంతు ఖాళీ చేసిన చోటును వాద్యాలు ఆక్రమించాయి. 1973లో హార్వెస్ట్ ముద్రతో వచ్చిన 'ఇన్‌సైడ్' ఆల్బమ్‌లో మొదటి పాటే 17 నిమిషాలు దాటుతుంది. దాని వెన్నెముక మాన్‌ఫ్రెడ్ వీచోర్కె వాయించిన ఆర్గాన్. 1974 నాటి 'ఫ్లోటింగ్' అదే దారిని ఇంకాస్త కరుకుగా నడిచింది. 1975లో వచ్చిన 'పవర్ అండ్ ది పాషన్' మొదటి పూర్తి కథా ఆల్బమ్. అందులో జేమీ అనే యువకుడు ఒక మందు మింగి పద్నాలుగో శతాబ్దపు పారిస్‌కు చేరి జాన్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. కథలో పొందిక తక్కువే. కానీ ఆల్బమ్ అంతటినీ ఒకే నూలు మీద నడపాలన్న పట్టుదల ఇక్కడే స్థిరపడింది.

ఆ ఆల్బమ్ తరువాత బృందం చెదిరిపోయింది. వీచోర్కె అదే ఊరి బృందం జేన్‌లో చేరారు. బోర్నెమన్ పూర్తిగా కొత్తవారిని కూర్చారు: బేస్ మీద క్లాస్ పేటర్ మాట్సియోల్, కీబోర్డుల మీద డెట్లెఫ్ ష్మిట్ఖెన్, డ్రమ్స్ మీద యుర్గెన్ రోజెంతాల్. రోజెంతాల్ అంతకుముందు హానోవర్‌కే చెందిన స్కార్పియన్స్ బృందం 1974 ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవారు. ఎలాయ్‌లో గీతరచన కూడా ఆయన చేతికే వచ్చింది. ఈ నలుగురి కలయిక 'డాన్' (1976), 'ఓషన్' (1977), 'సైలెంట్ క్రైస్ అండ్ మైటీ ఎకోస్' (1979) ఆల్బమ్‌లనూ, మధ్యలో 1978లో ఒక కచేరీ రికార్డింగునూ ఇచ్చింది. 'డాన్'లో వాద్యబృందపు తీగవాద్యాల సమ్మేళనం ఉంది. 'ఓషన్' కేవలం నాలుగు పాటలతో అట్లాంటిస్ ఉదయాస్తమయాలను చెబుతుంది. చివరి పాట పేరులో ఇరికించిన జూన్ 5, 8498 అనే తేదీ జర్మన్ రచయిత ఓటో ముక్ అట్లాంటిస్ మునకకు లెక్కకట్టిన క్రీస్తుపూర్వపు తేదీ. ఆ లెక్కకు శాస్త్రజ్ఞుల్లో విలువ లేదు. రోజెంతాల్‌కు మాత్రం అది పురాణానికి క్యాలెండరు తగిలించే సాధనమైంది. జర్మనీలో ఎలాయ్‌కు విస్తారమైన శ్రోతలను తెచ్చినది ఈ కాలమే. బృందం మీద శాశ్వతంగా పడిన నింద కూడా ఈ కాలానిదే.

ఆ నింద ఒక్క మాటలో చెప్పాలంటే పింక్ ఫ్లాయిడ్ నకలు. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. 1979 ఆల్బమ్ ప్రారంభంలో పరుచుకునే కీబోర్డుల మీద ఒంటరి గిటారు మెట్లు వింటే, 1975లో ఆ ఆంగ్ల బృందం తెచ్చిన ఆల్బమ్ మొదటి నిమిషాలు తలపుకొస్తాయి. అదే ఆల్బమ్‌లో మాటల్లేకుండా సాగే స్త్రీ గాత్రానికి 1973 నాటి ఫ్లాయిడ్ పాట ఒకటి స్పష్టమైన మాతృక. ఇంకోవైపు నుంచీ దెబ్బ ఉంది. జర్మన్ రాక్‌ను బ్రిటిష్ పత్రికలు క్రౌట్‌రాక్ అని పిలిచి, కాన్, నోయ్, ఫౌస్ట్ వంటి బృందాలను ఆంగ్లో అమెరికన్ బాణీని తెంచుకున్నవారిగా మెచ్చుకున్నాయి. 1995లో సంగీతకారుడు జూలియన్ కోప్ రాసిన 'క్రౌట్‌రాక్‌సాంప్లర్' ఎంచిన యాభై ఆల్బమ్‌ల్లో ఎలాయ్‌ది ఒక్కటీ లేదు. తెంచుకున్నవారే గొప్ప అన్న కొలతతో చూస్తే ఎలాయ్ ఓడిపోతుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఆ కొలత ఒక ముఖ్యమైన తేడాను చూడదు. ఫ్లాయిడ్ సంగీతంలో బరువు గిటారు మీదా, మాటల వ్యంగ్యం మీదా ఉంటుంది. 'ఓషన్'లో పాటను నడిపేది మాట్సియోల్ బేస్. అది తాళం పట్టి ఊరుకోదు, పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే సొంత రాగాన్ని వాయిస్తుంది. గిటారు చాలాసేపు దాని నీడలో ఉంటుంది. సింథసైజరు శ్రుతిపెట్టెలా అడుగున నిలిచిపోతుంది. ఈ అమరిక వేరు. అయితే ఇది వినపడాలంటే బేస్‌కూ సింథసైజరుకూ మధ్య ఎడం వినపడాలి. ఆ ఎడాన్ని వినిపించడమే 1977 నాటి పళ్లేనికి కష్టమైన పని.

ఎల్పీ పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. చుట్ల వేగం మారదు గాని, సూది కింద గాడి కదిలే వేగం మారుతుంది. బయటి అంచు దగ్గర అది సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు, లోపలి చుట్ల దగ్గర 20 చిల్లర మాత్రమే. అంటే అదే శబ్దాన్ని లోపల సగం కంటే తక్కువ నిడివిలో చెక్కాలి. అందుకే పళ్లెం పక్క చివరకు వచ్చేసరికి తారస్థాయి స్వరాలు గరగరలాడతాయి. పైగా మంద్రస్వరాలు గాడిని వెడల్పు చేస్తాయి, ఒక పక్కన నిమిషాలు పెరిగేకొద్దీ గాళ్లను దగ్గరగా కోయాలి, అందుకు మొత్తం ధ్వనిని తగ్గించాలి లేదా బేస్‌ను కోసేయాలి. 'ఓషన్' రెండో పక్క నిడివి సుమారు 24 నిమిషాలు. హాయిగా కోయగలిగిన నిడివి 20 నిమిషాల లోపే. ఆ పక్కన ఉన్న చివరి పాట పదిహేను నిమిషాలకు పైగా సాగుతుంది. చాలాసేపు గుసగుసలాంటి మాటతో, లోతైన ఆర్గాన్ స్వరాలతో దాదాపు నిశ్శబ్దంగా ఉండి, తరువాతే ఉధృతమవుతుంది. నిశ్శబ్దభాగం పళ్లెం రొదలో మునుగుతుంది, ఉధృతభాగం సరిగ్గా లోపలి గాళ్లలో పడుతుంది. ఎల్పీకి ఇంతకంటే ప్రతికూలమైన పాట కట్టడం కష్టం. ఆకాశాన్ని వర్ణించే సంగీతానికి ఆకాశమంటే స్వరాల మధ్య ఖాళీయే కదా, ఆ ఖాళీనే పళ్లెం చిటపటలతో నింపేసింది.

ఈ సంగతి పక్కన పెట్టుకుని 1980ల ఎలాయ్‌ను వేగంగా దాటవచ్చు. రోజెంతాల్, ష్మిట్ఖెన్ 1979లో వెళ్లిపోయారు. 'కలర్స్' (1980) పాటలు పొట్టివి, బిగువైనవి. హానెస్ ఫోల్బెర్త్ కీబోర్డులు, హానెస్ ఆర్కోనా రెండో గిటారు కొత్త యుగపు మెరుపును తెచ్చాయి. 'ప్లానెట్స్' (1981), 'టైమ్ టు టర్న్' (1982) ఒకే కథకు రెండు భాగాలు. 'పర్ఫార్మెన్స్' (1983), 'మెట్రోమేనియా' (1984) తరువాత బృందం విడిపోయింది. 1988లో 'రా' వచ్చేనాటికి ఎలాయ్ అంటే బోర్నెమన్, మైకేల్ గెర్లాక్ అనే ఇద్దరు, బోలెడన్ని యంత్రాలు. ఈ మధ్యకాలంలో బోర్నెమన్ హానోవర్‌లో నడిపిన హోరస్ సౌండ్ స్టూడియో సొంతంగా పేరు తెచ్చుకుంది. హెలోవీన్ బృందపు 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్' ఆల్బమ్‌లు రికార్డయింది అక్కడే. సంగీతకారుడిగా కంటే స్టూడియో మనిషిగా ఆయన వినికిడి ఈ కాలంలో పదునెక్కింది. పాత రికార్డింగులను చూసే చూపు మారడానికి ఇదే మూలమని అనుకోవడానికి వీలుంది.

తిరిగి వెళ్లడంలో మొదటి దారి 1993, 1994లలో 'క్రానికల్స్' పేరుతో వచ్చిన రెండు సంపుటాలు. 1970లు, 80ల పాటలను ఎంచుకుని వాటిని 1990ల వాద్యాలతో, పరికరాలతో పునర్నిర్మించారు. పని శుభ్రంగా ఉంది, చిక్కు కూడా ఆ శుభ్రతలోనే ఉంది. 1977లో పాటను పట్టి లాగిన బేస్ ఇక్కడ వరుసలో నిలబడింది, డ్రమ్స్ ధ్వని ఆ దశాబ్దపు ఫ్యాషన్‌ను తొడుక్కుంది. వీటిని సమర్థించేవారు, పాట కట్టినవాడికి దాన్ని మళ్లీ కట్టే హక్కు లేదా అని అడుగుతారు. హక్కు తప్పకుండా ఉంది. కచేరీ సంగీతంలోనైతే ప్రతి గానమూ కొత్తదే, ఎవరూ ఆక్షేపించరు. కానీ స్టూడియోలో పుట్టిన రాక్ ఆల్బమ్ అలాంటిది కాదు. అక్కడ స్వరంతో పాటు ఆ సింథసైజరు, ఆ గది, ఆ నలుగురి చేతులు కూడా కృతిలో భాగమే. వాటిని మార్చితే కొత్త కృతి వస్తుంది, పాతది బాగుపడదు. రెండో దారికి ఉదాహరణ 'పవర్ అండ్ ది పాషన్' చివరి పాట. దానికి 1999లో చేసిన రీమిక్స్‌ను తరువాతి సీడీలో అదనపు పాటగా చేర్చారు. అవే వాయింపులు, వేరే పాళ్లు. పక్కపక్కన రెండూ వినే వీలుండటం వల్ల ఇందులో నష్టం లేదు. అసలుదాన్ని తీసేసి దాని స్థానంలో దీన్నే పెట్టి ఉంటే మాటే వేరు.

మూడో దారి 2000లో మొదలైంది. 'ఇన్‌సైడ్', 'ఫ్లోటింగ్', 'పవర్ అండ్ ది పాషన్' రీమాస్టర్ సీడీలుగా ఆ ఏడాది వచ్చాయి. 'డాన్', 'ఓషన్', తరువాతి ఆల్బమ్‌లు 2004, 2005లలో వచ్చాయి. రీమాస్టరింగ్ అంటే ఏమిటో ఇక్కడ తేటగా చెప్పుకోవాలి, ఎందుకంటే అమ్మకపు ప్రకటనలు ఈ మాటను మసిబూసి వాడతాయి. స్టూడియోలో వాద్యాలు వేరువేరు ట్రాకుల మీద రికార్డవుతాయి. వాటిని రెండు చానెళ్లకు కలపడం మిక్సింగ్. ఆ రెండు చానెళ్ల టేపును అమ్మకపు రూపానికి సిద్ధం చేయడం మాస్టరింగ్. రీమాస్టరింగ్ ఈ చివరి మెట్టును మాత్రమే మళ్లీ చేస్తుంది. గిటారును పక్కకు జరపలేదు, తప్పుపోయిన తాళాన్ని దిద్దలేదు. సీడీల తొలి సంవత్సరాల్లో చాలా కంపెనీలు ఎల్పీ కోతకోసం బేస్ తగ్గించి తయారుచేసిన నకలు టేపులనే సీడీకి ఎక్కించేవి. పళ్లెం కోసం పడిన రాజీలన్నీ ఆ రాజీలు అక్కర్లేని మాధ్యమంలోకి కూడా వచ్చి చేరాయి. సెకనుకు 44,100 సార్లు కొలిచే, 96 డెసిబెల్ల దాకా వ్యత్యాసాన్ని పట్టగలిగే సీడీకి లోపలి గాడి, బయటి గాడి అన్న భేదం లేదు. మంచి టేపు దగ్గరికి తిరిగి వెళ్లి ఎక్కిస్తే, 'ఓషన్' చివరి పాటలో గుసగుసకూ ప్రళయానికీ మధ్య దూరం మొదటిసారి పూర్తిగా వినిపించే అవకాశం ఇక్కడ ఏర్పడింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. 2000 తరువాతి తొలి ఏళ్లు శబ్దపు పోటీ ముదిరిన కాలం. ప్రతి సీడీ పక్కదానికంటే బిగ్గరగా ఉండాలని మెత్తని చోట్లను పైకి లేపి, శిఖరాలను చదును చేసేవారు. ఆ కాలపు రీమాస్టర్ అనగానే అనుమానించడం సబబే. రాక్ సంగీతంలో ఈ పని పాడుచేసిన పునర్ముద్రణలు కొల్లలు. అయితే ఇది రీమాస్టరింగ్ చేతిలోని కత్తి గురించిన హెచ్చరికే గాని, ఆ పనిని కాదనే కారణం కాదు. ఎలాయ్ విషయంలో పరీక్ష సులువు: చివరి పాట మొదట్లో ధ్వని మీట పెంచాలనిపించాలి, చివర్లో తగ్గించాలనిపించాలి. ఏ ముద్రణలోనైనా ఈ రెండు కోరికలూ కలగకపోతే అది ఎంత మెరుగని చెప్పుకున్నా పనికిరాదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. ఎల్పీ హద్దులు తెలిసే బృందం పాట కట్టింది, కాబట్టి ఆ హద్దులతో సహా ఎల్పీయే అసలు కృతి అంటారు. ఇందులో సగం నిజం. 'ఓషన్' నాలుగు పాటలు రెండు పక్కలకు రెండేసి. అట్లాంటిస్ పుట్టుక ఒక పక్క, పతనం రెండో పక్క. పళ్లెం తిప్పడానికి లేచే ఆ క్షణం కథలో యుగాంతం లాంటిది, సీడీలో అది చెరిగిపోయింది. ఈ నష్టం నికరం. మరి మిగతా సగం? లోపలి గాళ్ల గరగరను ఎవరూ కోరి కట్టలేదు. 24 నిమిషాలను ఒక పక్కకు ఎక్కించినవారు మాధ్యమానికి లొంగలేదు, దాన్ని లెక్కచేయలేదు. సాధనం ఒడుదుడుకులను కర్త ఉద్దేశంగా పూజించడం చరిత్రకు న్యాయం కాదు. అదనపు పాటల విషయం దీనికంటే చిన్నది. ముగింపు తరువాత మరో పాట మొదలవడం కథా ఆల్బమ్‌కు చేటే. అయినా 'ఇన్‌సైడ్'కు చేర్చిన 1973 నాటి సింగిల్ పాటలు రెండూ బిగువైన గిటారు రాక్‌వి. నిరసన బృందం అంతరిక్ష బృందంగా ఒక్క గంతులో మారలేదనీ, రెండు ఎలాయ్‌లు కొంతకాలం ఒకే గదిలో ఉన్నాయనీ చెప్పే సాక్ష్యం అవి. చరిత్రకారుడికి ఆ సాక్ష్యం కావాలి.

రీమాస్టర్‌ల తరువాత ఎలాయ్ నడిచిన తీరు చూస్తే వాటి ప్రభావం తెలుస్తుంది. 1998 నాటి 'ఓషన్ 2' పాత పేరును వాడుకుని కొత్త కథ చెప్పింది. దాని తరువాత పదకొండేళ్లు కొత్త ఆల్బమ్ లేదు. ఆ విరామంలో శ్రోతలకు చేరింది పాత టేపులే. 2009లో 'విజనరీ' వచ్చింది. 2011లో బృందం రైన్ నది ఒడ్డున లోరెలై కొండ మీది ప్రోగ్రెసివ్ రాక్ ఉత్సవంలో మళ్లీ వేదికెక్కింది. ఆ పునరాగమన కచేరీల రికార్డింగు 2014లో వెలువడింది. బోర్నెమన్ మనసు అప్పటికే మరోచోట ఉంది. 1992 ఆల్బమ్ 'డెస్టినేషన్'లోనే పాటగా కనిపించిన జాన్ ఆఫ్ ఆర్క్ కథను ఆయన 2017, 2019లలో రెండు భాగాల రాక్ ఒపేరాగా పూర్తిచేశారు. 2023లో వచ్చిన ఆల్బమ్‌కు పెట్టిన పేరుకు అర్థం గతపు ప్రతిధ్వనులు.

ఈలోగా ఎల్పీలకు మళ్లీ గిరాకీ పెరిగి, సీడీకోసం సిద్ధమైన రీమాస్టర్‌లు తిరిగి పళ్లెం మీదికి వెళ్తున్న కాలం వచ్చింది. 'ఓషన్'ను ఒక పళ్లెం మీద కోయాలనుకునే ఇంజినీరు ముందు ఇప్పటికీ అదే లెక్క ఉంది: రెండో పక్క 24 నిమిషాలు, ప్రళయం లోపలి గాళ్లలో.